ఒకే ఫోటోకు నాలుగు చీటీలు

ఆ పొద్దున భాను అన్నం డబ్బా సర్దుకుంటూ ఒక కన్ను గడియారం మీద, ఒక కన్ను తండ్రి మీద వేసి ఉంచింది. చిక్కబళ్ళాపురం బస్సు చింతామణి స్టాండులో ఎవరి కోసమూ ఆగదు. మునికృష్ణప్ప మాత్రం అంగడికి పోవాల్సిన వేళ హాల్లో కంప్యూటర్ ముందు కూర్చుని, ముక్కు చివరికి జారిన అద్దాల మీదుగా తెరను చూస్తూ గొంతు సవరించుకుంటున్నాడు. ఆయన గొంతు సవరించుకున్నాడంటే ఎవరికో మూడిందని ఇంట్లో అందరికీ తెలుసు.

"భానూ, ఇట్ల రా. నా ఫోల్డర్లు యాడ పోయినాయి?"

"యాడికీ పోలేదు నాయనా. ఫోటోలన్నీ ఒక్క తావే ఉండాయి."

"ఒక్క తావా? అంటే అన్నీ కలిపి గుట్ట పోసినావా?"

"పోసినా. ఇప్పుడు ఏది కావాలన్నా ఒక్క నొక్కుకే బిన్నా దొరుకుతాది. చూపించేదా?"

మునికృష్ణప్పకు చూడాలని లేదు, తిట్టాలని ఉంది. అది 2008. చింతామణిలో కంప్యూటర్ ఉన్న ఇళ్ళు తక్కువే. ఉన్న ఇళ్ళల్లో దాని మీద పూల కుట్టు గుడ్డ కప్పని ఇల్లు అసలు లేదు. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు మంజునాథ తెచ్చి పెట్టిన నాటి నుంచీ ఆ గుడ్డ తీసేదీ కప్పేదీ మునికృష్ణప్పే.

ఆయనది గ్రంధిగె అంగడి. పూజ సామాన్లు, నాటుమందుల దినుసులు అమ్మే కొట్టు. గోడ నిండా చిన్న చిన్న చెక్క డ్రాయర్లు, ప్రతి డ్రాయరు మీదా అంటించిన చీటీ. కరక్కాయ, అతిమధురం, వస, సాంబ్రాణి. కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టినా అడిగిన దినుసే చేతికి వస్తుంది. అలాంటి మనిషికి "ఫోల్డర్ అంటే డ్రాయరు లాంటిదే నాయనా" అని కొడుకు చెప్పడమే తప్పయింది. భాను ఆల్బమ్‌ల నుంచి స్కాన్ చేసి తెచ్చిన ఫోటోలన్నింటినీ ఆయన తన పద్ధతిలో సర్దిపెట్టాడు. ఫోటోలో ఉన్న మగవాళ్ళలో పెద్ద ఎవరో, ఆ ఫోటో ఆయన ఫోల్డర్‌లోకి పోవాలి. పెళ్ళి పత్రికలో పేర్లు వేసే వరస ఏదో ఇదీ అదే.

ఆ లెక్కన మునికృష్ణప్పకు ఒక ఫోల్డరు, ఆయన తమ్ముడికి ఒకటి, మంజునాథకు ఒకటి. భార్య అక్కమ్మకు లేదు, ఎప్పుడూ ఎవరో ఒక మగాయన పక్కనే నిలబడింది కాబట్టి. భాను ఒక్కతే ఉన్న ఫోటోలు, పరికిణీ వేసుకున్న నాటివి కూడా, 'బాగేపల్లి అల్లుడు' అనే ఫోల్డర్‌లో పడ్డాయి. ఇక మగవాళ్ళ నీడ పడని ఫోటోలను ఏం చేయాలో తోచక, తాలూకా కచేరి అర్జీల్లో అడుగున ఉండే గడి పేరు పెట్టి అందులో వేశాడు. 'ఇతరె,' అంటే మిగతావి. ఆయన్ను కన్న తల్లి, భాను వాళ్ళ అవ్వ, ఉన్న ఒకే ఒక్క ఫోటో ఆ 'ఇతరె'లోనే ఉండేది. అది చూసిన రోజు భానుకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే ఫోల్డర్లన్నీ తీసి పారేసింది.

"ఇది చూడు నాయనా," అని ఆమె మౌస్ అందుకుంది. "ఇవి ట్యాగులు. నీ అంగట్లో చీటీలు అంటిస్తావు కదా, అట్లాంటివే. నువ్వు డ్రాయరుకు అంటిస్తావు, నేను ఫోటోకే అంటించినా. అవ్వ నన్ను ఒళ్ళో పెట్టుకుండే ఫోటో చూడు. దీనికి 'అవ్వ' అని ఒక చీటీ, 'భాను' అని ఒకటి, 'కైవార' అని ఒకటి, మన ఇంటోళ్ళు కాబట్టి 'ఇల్లు' అని ఒకటి. నువ్వు ఏ పేరు నొక్కినా ఈ ఫోటో వస్తాది."

"ఒకే దాన్ని నాలుగు తావుల్లో పెడితే ఏది అసలు, ఏది నకలు? అంగడి ఇట్ల పెట్టుకుంటే నెల్లో మూసుకొని పోవాల."

"నీ అంగట్లో పసుపు ఏ డ్రాయర్లో ఉండాది?"

"పసుపు డ్రాయర్లో."

"పెళ్ళికని వచ్చి అడిగితే ఏ డ్రాయరు తీస్తావు? పూజకని అడిగితే? దెబ్బ తగిలిందని వస్తే?"

మునికృష్ణప్ప జారిన అద్దాలు పైకి తోసుకున్నాడు. జవాబు చెప్తే ఏమవుతుందో తెలియనంత అమాయకుడు కాదు.

వంటింట్లోంచి అక్కమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి గడప దగ్గర నిలబడింది. నాలుగు రోజుల కిందట భాను ఆమెను కూర్చోబెట్టి 'అమ్మ' అన్న పేరు మీద నొక్కి చూపించింది. తెర నిండా అక్కమ్మే. మొగుడి పక్కన, మరిది పెళ్ళిలో, మంజునాథ చెవులు కుట్టించిన నాడు, నంది కొండ కింద గుడి మెట్ల మీద, అన్నింటిలో ఒక పక్కకు నిలబడి. "ఇన్ని తావుల్లో ఉండానా నేను" అని ఆమె చాలా సేపు ఆ తెర ముందు నుంచి లేవలేదు. ఇప్పుడు కూతురి పక్షం మాట్లాడాలని ఉంది, కానీ అలవాటు లేదు.

"బస్సు పోతాది, బిన్నా బయలుదేరు," అని మాత్రం అంది.

"ఉండు," అన్నాడు మునికృష్ణప్ప. "ఆదివారం బట్లహళ్ళి వాళ్ళు ఇల్లు చూసేకి వస్తాండారు. మంజూ కూడా వస్తాడు."

భానుకు నిజంగానే సంతోషం వేసింది. తమ్ముడికి చూసిన పిల్ల పేరు సహన. పోయిన నెల మంజునాథ, అమ్మానాన్నలు వెళ్ళి చూసి వచ్చారు. ఇప్పుడు పిల్ల తరఫు వాళ్ళు వచ్చి ఇల్లూ వాకిలీ, మనుషుల మంచీ చెడూ చూసుకుని పోవడం ఆనవాయితీ.

"మంచిది నాయనా. నేను సెలవు పెడతా."

"సెలవు ఏమీ వద్దు. ఆ పొద్దు నువ్వు కైవారలో మీ చిన్నమ్మ ఇంటికి పో. శనివారమే పోయి సోమవారం రా."

 అక్కమ్మ చూపు నేల మీదికి పోయింది.

"ఎందుకు?"

"ఎందుకంటే ఏం చెప్పేది? పెళ్ళైన ఆడపిల్ల పుట్టింట్లో ఉండాదంటే వాళ్ళు అడగరా? నేను ఏం చెప్పాల?"

"ఉండేది చెప్పు. అల్లుడు చెయ్యెత్తే మనిషి, మా పిల్ల పడలేక వచ్చేసింది అని చెప్పు. నేను దొంగతనం చేసి వచ్చినానా దాక్కునేకి?"

"నీ తమ్ముడి సంబంధం నీ పంతం కంటే చిన్నదా?"

"సంబంధం నాకూ కావాల నాయనా. దాని కోసం నేను లేకుండా పోయేది మాత్రం కాదు. కైవారకు పోను. నేను ఈడే ఉంటా."

అంత మాట తండ్రి మొహాన చెప్పి, డబ్బా సంచిలో వేసుకుని, చెప్పులు తొడుక్కుని వచ్చేసింది. వీధి మలుపు తిరిగాక గానీ నడక నెమ్మదించలేదు. మాట తడబడలేదు కదా, అది చాలు అనుకుంది.

బస్సు కదిలాక సెల్లు తీసి చూసింది. ఆ చిన్న తెర మీద అవ్వ ఫోటోనే పెట్టుకుంది. కైవారలో అవ్వ పరిచిన గోనెపట్టా, దాని మీద దినుసుల కుప్పలు, అవ్వ ఒళ్ళో బోసినోటి భాను. మొగుడు పోయాక అవ్వ బుట్టలో వస, శొంఠి, కుంకుమ పెట్టుకుని కైవార జాతరలో కూర్చుని అమ్మింది. ఈరోజు మునికృష్ణప్ప డ్రాయర్లన్నీ ఆ బుట్టలోంచి వచ్చినవే. అసలు ఫోటో వానలకు తడిసి అద్దానికి అంటుకుపోయింది. భాను దాన్ని తను పని చేసే కంప్యూటర్ శిక్షణ కేంద్రానికి తీసుకెళ్ళి అద్దంతో సహా స్కాన్ చేసి తెచ్చింది. తర్వాత కొత్త పటం కట్టించబోతే అవ్వ మొహం కాస్తా అద్దంతో పాటే ఊడి వచ్చింది. ఇక ఆమె మొహం స్పష్టంగా కనబడేది ఇంట్లో కంప్యూటర్‌లోనే.

బాగేపల్లి సంగతి భాను బస్సులో ఎప్పుడూ తలచుకోదు. తలచుకుంటే శిడ్లఘట్ట దాటేలోపే తలనొప్పి వస్తుంది. అమరేష్ చూడ్డానికి పెద్దమనిషే. సాంబారులో ఉప్పు తక్కువైనా చెయ్యి ఎత్తేవాడు, ఎక్కువైనా ఎత్తేవాడు. సర్దుకుపొమ్మని అటువాళ్ళు చెప్పారు, ఇటువాళ్ళు చెప్పారు. సర్దుకుంది. పోయిన ఏడాది ఒక రోజు ఆ సర్దుకోవడం చాలనిపించి, సంచి ఒకటి చేత పట్టుకుని చింతామణి బస్సు ఎక్కింది. తండ్రి రావద్దు అనలేదు, రా అని కూడా అనలేదు. అంగడికి రోజూ వచ్చే పాపన్న "కూతురు ఇంకా పోలేదా అప్పా" అని అడిగినప్పుడల్లా "నాలుగు రోజులు ఉండి పోతాది" అంటాడు. అంగడి బస్టాండు దారిలోనే కాబట్టి ఆ మాట భాను చెవిన చాలాసార్లే పడింది. ఏడాది దాటినా ఆ నాలుగు రోజులు ఇంకా అయిపోలేదు.

శనివారం మధ్యాహ్నం మంజునాథ దిగాడు. మంచివాడే, ఎవరి మనసూ నొప్పించడు. అందుకే ఎవరి వైపూ నిలబడడు. వంటింట్లో అక్క పక్కన పీట వేసుకుని, ఆమె అవరెకాయలు ఒలుస్తుంటే తనూ నాలుగు ఒలిచి, మెల్లిగా మొదలుపెట్టాడు.

"అక్కా, ఒక్క రోజే కదా. నాయన మాట వింటే ఏం పోతాది?"

"రేపు ఒక్క రోజు. ఆమీట నిశ్చితార్థం ఒక్క రోజు. పెళ్ళి రెండు రోజులు. నీకు బిడ్డ పుడితే నామకరణం ఒక్క రోజు. అన్ని రోజులూ నేను కైవారలోనే ఉండాలప్పా?"

మంజునాథ తల వంచుకున్నాడు. వాడు అలా తల వంచుకోవడం భానుకు తండ్రి తిట్టిన దానికంటే ఎక్కువ నొప్పి కలిగించింది. నాన్న నోరు తెరిచి పొమ్మన్నాడు, తమ్ముడు నోరు తెరవకుండా పొమ్మంటున్నాడు. అయినా ఆమె కాయలు ఒలవడం ఆపలేదు.

సాయంత్రం తల్లీ కూతుళ్ళు కూరగాయలకు సంతకు పోయి వచ్చేసరికి మునికృష్ణప్ప వాకిట్లో తమలపాకు నములుతూ హాయిగా కూర్చుని ఉన్నాడు. హాల్లో కంప్యూటర్ మీద పూలగుడ్డ నీటుగా పరిచి ఉంది.

"నువ్వు ఈడే ఉంటానంటే ఉండమ్మా," అన్నాడు. "వంటింట్లో మీ అమ్మకు ఆసరాగా ఉండు. హాల్లోకి రావాల్సిన పని లేదు. నేను అన్నీ సర్దేసినా."

ఏం సర్దాడో భాను అడగలేదు. పొమ్మనడం మానుకున్నాడు, ఈ పూటకు అది చాలనుకుంది. తండ్రి మెత్తబడ్డాడని కూడా అనుకుంది. ఆడపిల్లలకు తండ్రుల విషయంలో ఈ ఆశ ఒకటి ఎప్పటికీ పోదు.

ఆదివారం పొద్దున్నే ఇల్లంతా కేసరిబాత్ వాసన. భాను ముదురాకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. తల్లి చూసి ఏమీ అనలేదు, తన జడలోంచి సగం పూలు తుంచి కూతురి తలలో పెట్టింది.

బట్లహళ్ళి నుంచి ముగ్గురు వచ్చారు. పిల్ల తండ్రి నంజప్ప, తల్లి సుజాతమ్మ, నంజప్ప అక్క రామలక్ష్మమ్మ. పొలం పనుల్లో ఎండిన మనిషి నంజప్ప, మాట తక్కువ. అందరి మాటలూ రామలక్ష్మమ్మే మాట్లాడేస్తుంది.

"రాండప్పా, కూర్చోండి. అమ్మా, ఈ పక్కకు రాండి, ఫ్యాను గాలి వస్తాది," అని మునికృష్ణప్ప గొంతు హాల్లో ఖంగుమంటోంది.

వంటింట్లోంచి భానుకు ప్రతి మాటా వినబడుతోంది. ఇల్లు ఎప్పుడు కట్టింది, బోరు ఎంత లోతు, పిల్లోడు బెంగళూరులో యాడ ఉంటాడు. ఇడ్లీపాత్ర మూత తీసినంత తేలిగ్గా ఒక్కొక్కటీ తీసి చూస్తోంది రామలక్ష్మమ్మ.

"మీకు ఆడపిల్ల ఉండాదని విన్నాము?"

"ఉండాదమ్మా. బాగేపల్లికి ఇచ్చినాము," అన్నాడు మునికృష్ణప్ప.

భాను కాఫీ గ్లాసులు పళ్ళెంలో సర్దడం ఆపేసింది. ఆ మాటలో అబద్ధం ఒక్కటీ లేదు. ఇచ్చింది నిజమే. అదే ఆమెకు ఎక్కువ కోపం తెప్పించింది. అక్కమ్మ కూతురి మోచెయ్యి పట్టుకుంది, ఆపడానికో ఊరడించడానికో ఆమెకే తెలియదు.

ఇంతలో మునికృష్ణప్ప కంప్యూటర్ మీది గుడ్డ తీశాడు. వచ్చిన వాళ్ళకు అదొక వేడుక. 'అంగడి' అన్న పేరు నొక్కితే డ్రాయర్ల ముందు తను నిలబడి ఉన్న ఫోటోలు వచ్చాయి. 'మంజు' అని నొక్కితే డిగ్రీ పట్టా పట్టుకున్న కొడుకు వచ్చాడు. ఎవరి వల్ల ఇవి అంత సులభంగా దొరుకుతున్నాయో ఆ తండ్రి చెప్పలేదు.

"ఈ అంగడికి మూలం మా అమ్మ," అన్నాడు. గొంతులో నిజమైన గర్వం. "కైవారలో గోనెపట్టా పరుచుకొని దినుసులు అమ్మి నన్ను సాకింది. ఆమెను మీకు చూపించాల."

'అవ్వ' అన్న పేరు నొక్కాడు. తెర తెల్లగా ఉంది.

మళ్ళీ నొక్కాడు. "మంజూ, ఇది ఏమిటికి రావడం లేదు?"

మంజునాథ వచ్చి నొక్కాడు. 'కైవార' నొక్కాడు, లేదు. 'అమ్మ' నొక్కితే తెర నిండా రావాల్సిన అక్కమ్మ ఏవో నాలుగు ఫోటోల్లో మిగిలింది. 'భాను' నొక్కితే అసలేమీ లేదు.

"నాయనా, నువ్వు ఏమన్నా తీసేసినావా?"

"తీసేయలేదురా. ఈ 'ఇల్లు' అనే దాంట్లో కొన్ని... వద్దనుకునేవి ఉంటే, ఆ డ్రాయర్లో నుంచి మాత్రమే తీసినా. 'భాను' అనే డ్రాయర్లో అట్లే ఉండాల కదా. 'అవ్వ' డ్రాయర్లో ఇంకోటి ఉండాల కదా. నాలుగు తావుల్లో ఉండాదని మీ అక్కే చెప్పింది."

"డ్రాయర్లు కావు నాయనా అవి. నాలుగు పేర్లున్నా ఫోటో ఒక్కటే. ఒక తావు తీస్తే అన్ని తావులా పోతాది. చెత్తబుట్టలో ఉంటాది, ఉండు."

"చెత్తబుట్ట కూడా ఊడ్చేసినా," అన్నాడు మునికృష్ణప్ప. గొంతు సగానికి పడిపోయింది. అంగడి మూసే ముందు చెత్త బయట పోయకుండా తాళం వేసిన రోజు ఆయన జీవితంలో లేదు.

కూతురున్న ఫోటోలన్నీ ఏరి ఏరి తీశాడన్న మాట. శనివారం సాయంత్రం ఆ సర్దడం ఇదన్న మాట. భాను వంటింటి గడప దాటింది. అక్కమ్మ చెయ్యి వదిలేసింది.

కాఫీ పళ్ళెం బల్ల మీద పెట్టి, ఒక్కొక్కరికీ గ్లాసు అందించింది. రామలక్ష్మమ్మ ఆమెను కింది నుంచి పైకి చూసింది. అందరికీ ఇచ్చాక భాను తండ్రి వైపు తిరిగింది.

"ఆ ఫోటోలో అవ్వ ఒళ్ళో ఉండేది నేను నాయనా. నన్ను ఇంట్లో నుంచి తీసేస్తివి, నాతో పాటు అవ్వ పోయింది. అమ్మ పోయింది. ఇప్పుడు వీళ్ళకు చూపించేకి నీ దగ్గర ఎవరుండారు?"

మునికృష్ణప్ప తెర వైపు తిరిగాడు.

"నమస్కారమప్పా," అని ఆమె నంజప్పతో అంది. "నా పేరు భాను. బాగేపల్లికి ఇచ్చిన కూతురు నేనే. ఆడ కొట్టించుకుంటా ఉండలేక వచ్చేసినా. ఏడాది దాటింది. చిక్కబళ్ళాపురంలో పని చేస్తాండా, ఈ ఇంట్లో ఉండా. నా వల్ల మీ పిల్లను ఈ ఇంటికి ఇచ్చేకి మనసు రాకపోతే అది మీ ఇష్టం. తెలియక ఇచ్చినామని రేపు మీరు అనుకోకూడదు, అంతే."

కన్నీళ్ళు వస్తాయేమోనని భయపడింది. రాలేదు. వచ్చినా తుడుచుకోకూడదని ముందే నిశ్చయించుకుంది.

రామలక్ష్మమ్మ ఏదో అనబోయింది. నంజప్ప చెయ్యి కాస్త ఎత్తి ఆపాడు. కాఫీ చివరి గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు.

"మునికృష్ణప్పన్నా, ఈ సంగతి మాకు తెలుసు. బట్లహళ్ళి ఏమన్నా దూరమా? మీరు చెప్తారేమోనని వచ్చినప్పటి నుంచీ చూస్తాండాము. ఇల్లు చూసేకి వస్తిమి గదా, గోడలు చూసేకి రాలేదు. రేపు మా సహనకు ఏదన్నా కష్టమొచ్చి మా ఇంటికి వస్తే, నేను ఆమెను వంటింట్లో దాచిపెడతానా? సొంత కూతుర్ని దాచిపెట్టే ఇంట్లో మా బిడ్డ ఎట్ల ఉంటాదా అనేదే నా భయము."

సుజాతమ్మ భాను వైపు చూసి కొంచెం పక్కకు జరిగింది. కూర్చోమని అర్థం. భాను కూర్చోలేదు. తండ్రి ఏమంటాడో వినకుండా కూర్చోవాలని లేదు.

మొదట నోరు తెరిచింది మంజునాథ. ఎవరూ అనుకోలేదు, వాడు కూడా అనుకుని ఉండడు. "మామా, అక్క ఈడే ఉంటాది. పెళ్ళిలో కూడా ముందర ఉంటాది. ఇది నిన్ననే చెప్పి ఉండాల్సింది నేను," అన్నాడు. చివరి మాట అక్క మొహం చూసి అన్నాడు.

మునికృష్ణప్ప ఇంకా ఖాళీ తెరనే చూస్తున్నాడు. ఆయనకు వినబడుతోందో లేదో తెలియలేదు. తర్వాత అద్దాలు తీసి పంచె కొసతో తుడుచుకున్నాడు. అద్దాలు పొడిగానే ఉన్నాయి, తడి కళ్ళల్లో ఉంది.

"నంజప్పా," అన్నాడు. "ఈమె నా కూతురు. పెద్దది. మా అమ్మ ఎత్తుకొని పెంచింది. ఈ ఇంట్లోనే ఉండాది." ఇంకో మాట చేర్చాడు. "వచ్చిన నాడే ఈ మాట చెప్పాల్సింది. నాకు చేత కాలేదు."

అప్పుడు భాను సుజాతమ్మ పక్కన కూర్చుంది.

వాళ్ళు పోయేటప్పుడు రామలక్ష్మమ్మ మూతి ఇంకా బిగుసుకునే ఉంది, కేసరిబాత్ మాత్రం రెండోసారి పెట్టించుకుంది. నంజప్ప గేటు దగ్గర ఆగి, కైవారలో దేవుడి దర్శనం చేసుకుని ముహూర్తాల సంగతి మాట్లాడుకుందాం అని చెప్పి వెళ్ళాడు.

ఇల్లు ఖాళీ అయ్యాక మునికృష్ణప్ప కంప్యూటర్ ముందు నుంచి కదల్లేదు. మిగతా ఫోటోలు ఆల్బమ్‌లలో ఉన్నాయి, మళ్ళీ స్కాన్ చేయవచ్చు. అవ్వది అలా కాదు. శిక్షణ కేంద్రంలో వారం వారం మిషన్లలో ఉన్నదంతా తుడిచేస్తారు. డిస్కు బెంగళూరు తీసుకెళ్ళి తెలిసిన వాళ్ళకు చూపిస్తానని మంజునాథ అన్నాడు, దొరుకుతుందని మాత్రం చెప్పలేకపోయాడు.

"ఒక్కటే ఉన్నింది," అన్నాడు తండ్రి, ఎవరితోనూ కాదు. "నా చేత్తోనే తీసేస్తి."

భాను ఇప్పుడు ఏమన్నా అనవచ్చు. అనడానికి మాటలు కూడా సిద్ధంగా ఉన్నాయి, బస్సులో రోజూ పోగేసుకున్నవే. ఆ వంగిన వీపు చూసి అవన్నీ అక్కడే వదిలేసింది. లోపలికి పోయి సెల్లూ, దాని వైరూ తెచ్చి కంప్యూటర్‌కు తగిలించింది.

తెర మధ్య అగ్గిపెట్టె అంత ఫోటో వచ్చింది. సెల్లు కోసం చిన్నది చేసుకున్నది. గోనెపట్టా, దినుసుల కుప్పలు, అవ్వ, బోసినోటి పాప.

మునికృష్ణప్ప తెరకు మొహం ఆనించినంత దగ్గరగా వంగాడు. "పెద్దది చెయ్యి," అన్నాడు. చేస్తే అవ్వ మొహం గళ్ళు గళ్ళుగా చెదిరిపోయింది. "వద్దులే. చిన్నదిగానే ఉండనీ."

"ఈ ఫోటోలో నేనూ ఉండా నాయనా," అంది భాను. "ముందే చెప్తాండా. నన్ను కోసి అవ్వను మాత్రం ఇయ్యమంటే ఇయ్యను."

"కోయమని అడగలేదమ్మా." ఆయన మౌస్ పట్టుకున్నాడు. "చీటీలు ఎట్ల రాసేది? చెప్పు, నేనే రాస్తా."

ఆమె చెప్పింది కానీ చెయ్యి వేయలేదు. ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ రాశాడాయన. 'అవ్వ.' 'భాను.' 'కైవార.' అక్కడ ఆగి, కూతురి వైపు చూడకుండా, నాలుగోది కూడా రాశాడు. 'ఇల్లు.' వెనక నిలబడిన అక్కమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు పొద్దున భాను ఎప్పటిలాగే బస్టాండుకు నడుస్తూ అంగడి ముందు నుంచి పోతోంది. పాపన్న గల్లా ముందు నిలబడి ఉన్నాడు. బెణికిన చేతికి పట్టు వేయాలి, పసుపు కావాలంటున్నాడు. భానును చూసి గొంతు తగ్గించాననుకున్నాడు గానీ తగ్గించలేదు.

"కూతురు ఇంకా పోలేదా అప్పా?"

మునికృష్ణప్ప పసుపు డ్రాయరు లాగాడు.

"యాడికి పోతాది పాపన్నా? ఆమె ఇల్లే ఇది. పనికి పోతాండాది, సాయంత్రానికి ఇంటికి వస్తాది."

భాను తల తిప్పలేదు, ఆగలేదు. నిన్న అంతమంది ముందు రాని కన్నీళ్ళు ఇప్పుడు నడిరోడ్డు మీద వచ్చాయి. తుడుచుకోలేదు. చిక్కబళ్ళాపురం బస్సు కదలబోతుంటే పరుగెత్తి ఎక్కింది.